సంచి మీద ‘కంపోస్టబుల్’ అని వేయడానికి సప్లయర్ కాగితం చాలదా?

ప్రశ్న: కంపోస్టబుల్ (కంపోస్టు ఎరువుగా మారే) ప్లాస్టిక్ గ్రాన్యూల్స్, అంటే ముడిసరుకు గుళికలు, కొని 50 మైక్రాన్ల క్యారీబ్యాగులు తయారు చేస్తున్నాం. గ్రాన్యూల్స్ అమ్మినవాళ్లు యూరప్ ప్రమాణం ఈఎన్ 13432 సర్టిఫికెట్ కాపీ ఇచ్చారు. ఆ ధీమాతో ‘100% కంపోస్టబుల్, మట్టిలో కలిసిపోతుంది’ అని అచ్చు వేశాం. తనిఖీకి వచ్చినవాళ్లు సరుకు సీజ్ చేశారు. మా తప్పేంటి?

జవాబు: మీ సప్లయర్ ఇచ్చిన కాగితం అసలుదే కావచ్చు. కానీ అది గ్రాన్యూల్స్‌కు వచ్చింది, మీ సంచికి కాదు. ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2016 ప్రకారం కంపోస్టబుల్ సంచులు తయారుచేసేవారు వాటిని అమ్మకానికి పెట్టకముందే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ తీసుకోవాలి. సరుకు కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 17088కు నిలవాలి. తయారీదారు పేరు, సర్టిఫికెట్ నంబరు సంచి మీదే ఉండాలి.

అసలు చిక్కు మందం దగ్గర వచ్చింది. 2022 డిసెంబర్ 31 నుంచి మామూలు ప్లాస్టిక్ క్యారీబ్యాగు 120 మైక్రాన్లకు తగ్గకూడదు. కంపోస్టబుల్ సంచికి ఈ లెక్క లేదు. మీ 50 మైక్రాన్ల సంచిని కాపాడేది ఆ మినహాయింపు ఒక్కటే. సర్టిఫికెట్ చూపలేకపోతే అధికారి దాన్ని నిషేధించిన పలుచని సంచిగానే చూస్తారు. మీరు లేబుల్ తగాదా అనుకుంటున్నారు, కేసు మాత్రం సరుకు మీదే.

ఇక ‘మట్టిలో కలిసిపోతుంది’ అన్న మాట. ఇలాంటి మాటలు చాలామంది డిజైనర్ చెప్పాడని వేసేస్తారు! ఐఎస్ 17088 పరీక్ష పెరట్లో తవ్విన గుంతలో జరగదు. దాదాపు 58 డిగ్రీల వేడి ఉంచిన కంపోస్టులో, 180 రోజుల్లోపు 90 శాతం జీవవిచ్ఛిత్తి (సూక్ష్మజీవులు విడగొట్టడం) జరగాలి. అందులో నెగ్గిన సంచి కూడా కాలవలో పడితే అలాగే కరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వరు. పర్యావరణం పేరుతో చేసే తప్పుడు ప్రచారంపై 2024 అక్టోబర్‌లో వచ్చిన మార్గదర్శకాలు ‘కంపోస్టబుల్’ అన్న మాటకు నమ్మదగిన ధ్రువీకరణ అడుగుతాయి. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద మొదటిసారే 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

ముందు సీజ్ పంచనామా కాపీ తీసుకోండి. నోటీసు వస్తే గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. ‘సప్లయర్ చెప్పాడు’ అన్నది అక్కడ నిలబడే వాదన కాదు. ఇన్‌వాయిస్‌లోనో ఒప్పందంలోనో అతను సంచి గురించి హామీ ఇచ్చి ఉంటే, నష్టపరిహారం కోసం అతని మీద విడిగా వెళ్లవచ్చు. గోదాములో మిగిలిన స్టాకు అమ్మకండి. రేపు సర్టిఫికెట్ వచ్చినా, ఆ నంబరు స్టిక్కరు పాత సంచులకు అంటించే ఆలోచన వద్దు.