సృజనాత్మక రచనా? సర్జనాత్మక రచనా?

సందేహం: నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. వేమన పద్యం పాఠమయ్యాక పిల్లలచేత ముందు చర్చ చేయించి, తరువాత వాళ్లచేతనే రెండేసి పాదాలు కట్టిస్తున్నాను. నల్లబల్ల మీద ‘సృజనాత్మక రచన’ అని రాస్తే, సంస్కృతం బాగా చదువుకున్న మా పెద్దాయన ఒకరు అది అపశబ్దమనీ, ‘సర్జనాత్మక’ అనాలనీ అన్నారు. పాఠ్యపుస్తకంలో మాత్రం ‘సృజనాత్మకత’ అనే ఉంది. ఏది సరైనది? అలాగే ‘పద్యాన్ని చర్చించండి’, ‘పద్యం గురించి చర్చించండి’, ‘పద్యంపై చర్చించండి’ అనే వాటిలో దేనిని రాయమంటారు?

సమాధానం: పెద్దాయన మాట పాణిని సంస్కృత వ్యాకరణం ప్రకారం నిజమే. ‘సృజ్’ ధాతువు మీద ‘అన’ ప్రత్యయం చేరినప్పుడు ఋకారానికి గుణం వచ్చి, అంటే ఋ ‘అర్’గా మారి, ‘సర్జనం’ అవుతుంది. మనం నిత్యం వాడే ‘విసర్జన’లో ఉన్నది ఆ రూపమే, సర్గ, విసర్గ, సంసర్గం, నిసర్గం అనే మాటలలో కనిపించేదీ ఆ గుణమే. ‘సృష్టి’లో గుణం లేదు కదా అంటే, అక్కడ చేరిన ప్రత్యయం వేరు, అది గుణాన్ని అడ్డుకుంటుంది. ‘స్ఫురణ’ అంటున్నాం గానీ ‘స్ఫోరణ’ అనడం లేదు కదా అని కొందరు ‘సృజన’ను సమర్థించబోతారు. ఆ వాదం నిలవదు. స్ఫుర ధాతువుకు గుణాన్ని నిషేధించే సూత్రం ప్రత్యేకంగా ఉంది, సృజ ధాతువుకు లేదు. కాబట్టి సంస్కృత వాక్యం రాసేటప్పుడు ‘సర్జన’ అనే రాయాలి.

అయితే మీరు రాసింది తెలుగు వాక్యం. తెలుగులో ‘సృజించు’ అనే క్రియ పాతకాలం నుంచీ ఉంది, దానిని ఎవరూ తప్పుపట్టలేదు. రచించు – రచన, వర్ణించు – వర్ణన, కల్పించు – కల్పన, భావించు – భావన అని ‘ఇంచు’తో ముగిసే క్రియల పక్కనే ‘అన’తో ముగిసే నామాలు వినీ వినీ అలవాటైన చెవికి, సృజించు పక్కన ‘సృజన’ దానంతట అదే పుట్టింది. వ్యాకరణం తెలియక పుట్టిన తప్పుగా కాక, తెలుగు తన పోలికలో తాను చేసుకున్న మాటగా దీనిని చూడడం న్యాయమని నా అభిప్రాయం. హిందీలోనూ బెంగాలీలోనూ ఈ రూపమే వాడుకలో ఉంది. 1966లో వరంగల్లు నుంచి ఒక సాహిత్య పత్రిక ‘సృజన’ అన్న పేరుతోనే వెలువడింది. ‘ప్రావీణ్యత’, ‘ప్రాధాన్యత’ వంటి వాటిని కూడా ఇదే తర్కంతో ఒప్పుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. వాటిని నేను ఒప్పుకోను. ‘తనం’ అనే అర్థమిచ్చే ఒక భావప్రత్యయం మీద మరొకటి ఎక్కించిన ఆ మాటల బదులు ప్రావీణ్యం, ప్రాధాన్యం అనే తేలికైన రూపాలు అందరి నోటా ఉన్నాయి. ‘సర్జన’ పరిస్థితి అది కాదు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఆ మాట వినగానే ఆపరేషన్ చేసే డాక్టరు గుర్తుకొస్తాడు, లేదా సామాన్యశాస్త్రం పుస్తకంలోని విసర్జక వ్యవస్థ గుర్తుకొస్తుంది. దిద్దవలసినవి నిజంగా ఉన్నాయి: ‘స్రుజన’, ‘శృజన’, ‘సృజనాత్మికత’. పిల్లల నోటుపుస్తకాలలో ఈ మూడింటినీ ఎర్రసిరాతో కొట్టేయండి.

మీరు పెట్టిన శీర్షికలో సృజన, రచన అని రెండు మాటలున్నాయి. రెండూ ఒకటే అయితే ఒకటి దండగ. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం సృజ ధాతువుకు ‘విసర్గే’ అని అర్థం చెబుతుంది. విడవడం, లోపల ఉన్నదానిని బయటికి వదలడం అన్నమాట. రచ ధాతువుకు చెప్పిన అర్థం ‘ప్రతియత్నే’, అంటే ఉన్నదానికి మెరుగు పెట్టడం, తీర్చి కూర్చడం. ఈ తేడా నాకు పుస్తకంలో కంటే ఒక తరగతి గదిలో బాగా తెలిసింది. అక్కడి ఉపాధ్యాయిని ఈ పద్యాన్ని బల్ల మీద రాశారు.

ఉప్పుకప్పురంబు నొక్కపోలికనుండు
చూడచూడ రుచుల జాడవేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినురవేమ

కింది రెండు పాదాలనూ అలాగే ఉంచి, పై రెండూ మార్చమన్నారు. వెనక బెంచీలో ఒక పిల్లవాడు ‘పాలు, సున్నంనీళ్లు చూడ్డానికి ఒకటే’ అన్నాడు. వాళ్ల నానమ్మ వక్కాకు డబ్బాలోని సున్నం ఒకసారి నాలుకకు తగిలి నోరు పొక్కిందట. ఈ పద్యం ఆటవెలది. దాని మొదటి పాదానికి మూడు సూర్యగణాలు (గురువు, లఘువు లేదా మూడు లఘువులు), రెండు ఇంద్రగణాలు కావాలి కనుక, నలుగురూ వేళ్లు మడిచి లెక్కపెట్టి ‘పాలు సున్నమొకటె పైపైన చూసిన’ అని తేల్చారు. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు కుదరడం యతి. పా, పై అని అది కూడా కుదిరింది. రెండో పాదానికి అయిదూ సూర్యగణాలే. వాడు ‘నోట్లో వేసుకుంటే తేడా తెలుస్తుంది’ అన్నాడు. ‘నోట్లో’ రెండు గురువులు, సూర్యగణం కాదు. అది ‘నోట వేయగానె’ అయింది. ‘తేడ తెలియు’ అని పూర్తిచేయబోతే గణాలు సరిపోయాయి గానీ యతి చెడింది. అప్పుడొక అమ్మాయి లేచి, వేమన రెండో పాదంలో చూ, జా అనే అచ్చులు కలవకపోయినా ‘చూడ – జాడ’ అని రెండో అక్షరం కలిసిందని చూపించింది. ప్రాసయతి అన్న పేరు ఆ పిల్లకు తెలియదు, పని మాత్రం తెలిసింది. ‘నోట’కు జతగా ‘మాట’ అంది.

పాలు సున్నమొకటె పైపైన చూసిన
నోట వేయగానె మాట తెలియు

‘మాట’ అంటే ఇక్కడ అసలు సంగతి. నానమ్మ సున్నం పిల్లవాడి నోట్లోంచి పద్యంలోకి దూకడం సృజన. ‘తేడ’ పోయి ‘మాట’ రావడం రచన. మొదటిది ఎవరూ నేర్పలేదు. రెండోది చర్చలో, నలుగురి మధ్య జరిగింది. పాఠ్యపుస్తకాలలో ‘స్వీయరచన’ అన్న శీర్షిక కింద పాఠం మీది ప్రశ్నలకు జవాబులు రాయించి, ‘సృజనాత్మకత’ను వేరే అభ్యాసంగా పెట్టడం వల్ల ఈ రెండింటికీ సంబంధం లేనట్టు పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది. ఒకే గంటలో రెండూ జరిపిస్తున్న మీ పద్ధతికి ‘సృజనాత్మక రచన’ అన్న పేరు సరిగ్గా అతుకుతుంది.

పేరు మరీ బరువనిపిస్తే ‘పాదపూరణ’ అనండి. అవధానాలలో సమస్యాపూరణం విన్న జాతికి అది కొత్తమాట కాదు. క్రియ విషయానికి వస్తే, పద్యం చెప్పడం, పాట కట్టడం, కథ అల్లడం అని మనకు వేరువేరుగా ఉన్నాయి. మీరు ‘పాదాలు కట్టిస్తున్నాను’ అన్నారు, బాగుంది. ‘పద్యం తయారుచేయండి’ అని మాత్రం పిల్లలతో అనకండి.

ఇక చర్చ సంగతి. ‘గురించి’ మన వ్యాకరణాలలో ద్వితీయా విభక్తి ప్రత్యయాల జాబితాలోనే ఉంది. ‘పద్యాన్ని గురించి’ అన్నా ‘పద్యం గురించి’ అన్నా ఒప్పే. ‘పద్యంపై’ అన్నది పత్రికల శీర్షికలలో చోటు కలిసొస్తుందని స్థిరపడిన వాడుక. తప్పనను గానీ, నోటితో ఎవరూ అలా అనరు, ‘పద్యం మీద’ అంటారు. మూడింటిలో నాకు నచ్చేది ‘పద్యాన్ని చర్చించండి’ అన్నది. చర్చ అన్న మాటకు విచారణ అనే కాక పూత, మైపూత అనే అర్థం కూడా ఉంది. చందనచర్చ అంటే గంధం పూయడం. ‘పద్యం గురించి’ మాట్లాడేవాళ్లు వేమన ఏ కాలంవాడన్న దానితోనే గంట గడిపేయవచ్చు. ‘పద్యాన్ని’ చర్చించేవాళ్లు పద్యంలోని మాటలను చేత్తో రుద్ది చూడాలి.

నేను చూసిన ఆ తరగతిలో అలాగే జరిగింది. తాత్పర్యం ఇంకా బల్లకెక్కలేదు. ‘పురుషులందు అన్నాడు కదా, ఆడవాళ్లలో పుణ్యాత్ములు ఉండరా?’ అని అదే అమ్మాయి అడిగింది. పురుష శబ్దానికి మగవాడు అనే కాక మనిషి, ఆత్మ అనే అర్థాలూ ఉన్నాయని ఉపాధ్యాయిని చెప్పారు. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, అయితే తన పూరణలో ‘మనుజులందు పుణ్యమనుజులు వేరయా’ అని రాసుకుంటానంది. గణాలు చూశాను, సరిపోయాయి. యతి కూడా సరిపోయింది.