జ్ఞాని వెర్రివాడిలా ఎందుకు కనిపిస్తాడు?

పురాణాల్లోనూ నాటకాల్లోనూ వెర్రివాడిలా కనిపించే జ్ఞాని మళ్ళీ మళ్ళీ ఎందుకు ఎదురవుతాడని, ఆ వెర్రితనం నటనేనా అని అడిగారు. నటన ఉన్నా అది పైపొర మాత్రమేనని, కాపాడుకోవలసిన పరువంటూ ఏదీ మిగలని మనిషే అలా బతకగలడని నా నమ్మకం.

భాగవతం పంచమ స్కంధంలోని జడభరతుణ్ణి చూడండి. జింకపిల్ల మీది మమకారంతో తపస్సు పోగొట్టుకొని జింకగా పుట్టిన భరతుడు, ఆ తరువాతి జన్మలో ఏ బంధమూ అంటకూడదని మందమతిలా మసలుతాడు. జ్ఞానం కోసం కపిలుడి దగ్గరకు వెళుతున్న రహూగణుడి పల్లకీకి బోయీ తక్కువై, అతణ్ణి పట్టుకొచ్చి మోయిస్తారు. చీమలు నలగకుండా బాణం పొడవంత దూరం నేల చూసుకొని అతడు అడుగు వేయడంతో, తక్కినవారి నడకతో కలవక పల్లకీ కుదుపులు పడుతుంది. రాజు వెటకరిస్తే, మోసేదెవరు, మోయించుకునేదెవరు అని అతడు విచారించి చెప్పిన మాటలకు ఆ రాజే దిగి పాదాల మీద పడతాడు.

కొన్నేళ్ళ క్రితం మేము కొందరం కలిసి ఈ ఘట్టం చదువుకున్నాం. దేహం వేరు, ఆత్మ వేరు అని నేను చాలాసేపు వివరించాక, ఎన్నడూ నోరు విప్పని ఒక పెద్దాయన పుస్తకంలో వేలుంచి మూసి, "దిగిన రాజుగారు మళ్ళీ ఎక్కారా అండీ?" అన్నారు. కొందరు నవ్వారు. నాకు జవాబు తోచలేదు.

రష్యాలో జడభరతుడిలా వెర్రివాళ్ళుగా బతికే జ్ఞానులను యురోదివీలు అంటారు. మాస్కోలోని ప్రసిద్ధమైన చర్చిని కట్టించినది ఇవాన్ చక్రవర్తి. కాని జనం దానిని పిలిచేది, ఒంటి మీద బట్ట లేకుండా వీధుల్లో తిరిగిన వాసిలీ అనే యురోదివీ పేరుతోనే. 1588లో అతని సమాధి మీద ఆ చర్చికి ఒక మందిరం కూడా చేర్చారు.

ఆస్థాన విదూషకుడి సంగతి వేరు. అతనికి రాజు ఇచ్చిన అనుమతి ఉంటుంది. కింగ్ లియర్ నాటకంలో రాజుకే మతి చలించాక, మూడవ అంకం తరువాత విదూషకుడు మరి కనిపించడు. ఇక మన తెనాలి రామకృష్ణుణ్ణి ఈ వరుసలో చేర్చలేను, ఆయనది గెలిచే తెలివి.

తరువాతి వారం ఆ పెద్దాయన పక్కన కూర్చొని, ఆ ప్రశ్న ఎందుకు అడిగారని అడిగాను. "ఎక్కితే మళ్ళీ మోయవలసింది ఆ బోయీలే కదండీ, అందుకని," అన్నారు.