రోజూ పది రాయకండి, వారానికి మూడు చాలు

ఉద్యోగం పోయాక రోజూ రాత్రి పది కృతజ్ఞతలు రాస్తున్నానని, ఇప్పుడు అవే మాటలు తిరగరాస్తూ ఇంకా దిగులు పడుతున్నానని అన్నారు కదండీ. లోపం మీలో లేదు, మోతాదులో ఉంది. రోజూ రాస్తే మనసు దానికి అలవాటు పడిపోవచ్చు. ఎమ్మన్స్, మెకల్లా అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో ఒక బృందం వారానికి ఒక్కసారే, అయిదు విషయాల వరకు, 10 వారాలు రాసింది. మీరు ఆదివారం మూడు రాయండి చాలు.

"కుటుంబం", "ఆరోగ్యం" లాంటి పొడి మాటలు వద్దు. ఎవరు, ఏం చేశారు, అది జరక్కపోతే ఏమయ్యేది, ఇవన్నీ పడాలి. "మంగళవారం పక్కింటి అక్క బాబుని బడి నుంచి తీసుకొచ్చింది, లేకపోతే ఇంటర్వ్యూ మధ్యలో లేచి రావాల్సొచ్చేది" అన్నట్టు.

దానికంటే ముందు కష్టాన్ని రెండు లైన్లలో ఉన్నదున్నట్టు రాయండి, ఈఎంఐ బకాయితో సహా. దాన్ని దాచి "అంతా మన మంచికే" అని రాస్తే మనసు నమ్మదు. "నాకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా" అనే పోలిక అసలొద్దు, అపరాధభావమే పెరుగుతుంది. ఏమీ తోచని వారం వదిలేయండి, పర్వాలేదు.

రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి సరిగా లేకపోతే రాతతో సరిపెట్టుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటారు, తెలుగులో మాట్లాడొచ్చు.