లక్ష్మణ్ ఝూలా మీద ఇప్పుడు నడవొచ్చా?

ప్రశ్న: వచ్చే నెల మేము ఇరవై మందిమి హరిద్వార్, రిషికేశ్ యాత్రకు పోతున్నాం. మా అమ్మ ముప్పై ఏళ్ల కింద రిషికేశ్‌లో గంగ మీదున్న వేలాడే వంతెన లక్ష్మణ్ ఝూలా మీద నడిచింది. "అడుగేస్తే ఉయ్యాల లెక్క ఊగుతది బిడ్డా" అని ఇప్పటికీ చెప్తుంటుంది. మళ్లీ ఒకసారి ఆమెను దాని మీద నడిపించాలని నా ఆశ. టూరు మాట్లాడినాయన నడవొచ్చంటున్నాడు, మా పక్కింటివాళ్లు మూసేశారంటున్నారు. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, కొల్లాపూర్

జవాబు: మీ పక్కింటివాళ్లు చెప్పిందే నిజమమ్మా. వంతెన బాగా బలహీనపడిందని నిపుణులు తేల్చాక 2019 జూలైలో మూసెయ్యమన్నారు, ఆ తర్వాత నడక కూడా పూర్తిగా ఆపేశారు. ఈ సంగతి అమ్మగారికి బయల్దేరకముందే చెప్పండి, అంత దూరం పోయాక తెలిస్తే ఆవిడ మనసు చివుక్కుమంటుంది.

మీ దగ్గర కృష్ణ మీది సోమశిల రేవులో పడవ కోసం నిలబడ్డవాళ్లు కాబట్టి నది దాటడమంటే ఏంటో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. లక్ష్మణ్ ఝూలా ఉన్న చోట లక్ష్మణుడు జనపనార తాడు మీద గంగ దాటాడని చెప్పుకుంటారు, తర్వాత కూడా చాలా కాలం తాళ్ల వంతెనే. 1889లో కలకత్తాకు చెందిన సూరజ్‌మల్ ఝున్‌ఝున్‌వాలా ఇనుప తాళ్లతో కట్టిస్తే 1924 వరదలో కొట్టుకుపోయింది. అమ్మగారు నడిచింది దాని తర్వాతది, 1930 ఏప్రిల్ 11న తెరిచారు, పొడవు 450 అడుగులు, దారి వెడల్పు మాత్రం ఆరడుగులే.

అది ఊగడం లోపమేమీ కాదు. నది మధ్యలో ఒక్క స్తంభం కూడా ఉండదు, రెండు గట్ల మీద టవర్లు, వాటి మీదుగా పోయే కేబుళ్ల కొసలు అటూ ఇటూ నేలలో బిగించి ఉంటాయి, మనం నడిచే దారి ఆ కేబుళ్లకు వేలాడుతుంది. మొత్తం బరువు మోసేది ఆ కేబుళ్లే. వాటి లోపలి తీగలకు తుప్పు పడితే పైనుంచి చూసేవాళ్లకు తెలియదు, అసలు భయం అక్కడే. గుజరాత్‌లోని మోర్బీలో 1879 నాటి వేలాడే వంతెనను మరమ్మతు చేసి తెరిచారు, నాలుగు రోజులకే, 2022 అక్టోబర్ 30న, తెగిపోయి 135 మంది చనిపోయారు, అందులో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. ఒక ప్రధాన కేబుల్‌లోని 49 తీగల్లో 22 ముందే తుప్పుపట్టి ఉన్నాయని దర్యాప్తులో తేలింది. అది చదివిన రోజు నుంచి, లక్ష్మణ్ ఝూలాను ముందే మూసి మంచి పని చేశారనే అనుకుంటున్నాను.

మీ ఆశ మాత్రం వదులుకోవద్దు. కొంచెం దిగువన రామ్ ఝూలా ఉంది, 1986లో కట్టారు, 750 అడుగులు, అదీ వేలాడేదే. ఆ రోజు జనాన్ని వదులుతున్నారో లేదో అక్కడే కనుక్కోండి, రద్దీ లేకుండా తెల్లారేసరికి పోండి. ముందు గట్టు మీద నుంచి పాత వంతెన చూపించి, తర్వాత అమ్మగారి చెయ్యి పట్టుకుని రామ్ ఝూలా మధ్యదాకా నడిపించండి. అక్కడ కాసేపు ఆగితే కాళ్ల కింద ఆ ఊపు ఆవిడకు తెలుస్తుంది.