సిమెంటు ఆటోక్లేవ్ నడిపేటప్పుడు గేజి ముల్లును ఎంతవరకు నమ్మవచ్చు?

మీరు రెండు విషయాలు అడిగారు. గట్టిపడిన సిమెంటు ఎంత ఉబ్బుతుందో (వ్యాకోచం) చూడటానికి లె షాటెలియర్ పరీక్ష ఉండగా, ఆటోక్లేవ్, అంటే సిమెంటు కడ్డీలను ఆవిరి పీడనంలో వేడిచేసే మూత బిగించిన పాత్ర, ఎందుకన్నది మొదటిది. దాన్ని కొత్తగా నడిపేవారు దేనిని కనిపెట్టుకుని ఉండాలన్నది రెండోది.

మొదటిదానికి జవాబు చిన్నదే. మరిగే నీటిలో చేసే లె షాటెలియర్ పరీక్షకు ఫ్రీ లైమ్, అంటే సిమెంటులో కలవకుండా మిగిలిన సున్నం, వల్ల వచ్చే ఉబ్బు మాత్రమే చిక్కుతుంది. బట్టీలో గట్టిగా కాలిపోయిన మెగ్నీషియా, అంటే పెరిక్లేజ్, మామూలు వేడిలో నీటితో కలవడానికి ఏళ్లు తీసుకుంటుంది. కలిసినప్పుడు దాని ఘనపరిమాణం రెట్టింపు దాటి, అప్పటికే గట్టిపడిన కాంక్రీటును లోపలినుంచి పగలదీస్తుంది. ఆ ఏళ్ల పనిని మూడు గంటల్లో చేయించడానికే 2 మెగాపాస్కల్ పీడనం, సుమారు 215 డిగ్రీల వేడి కావాలి.

రెండోదానికి నా జవాబు: పీడనం చూపే గేజిని చూడండి, కానీ థర్మామీటర్‌ను అడగకుండా దాని మాట నమ్మకండి. ఇది నాకు రెండుసార్లు బోధపడింది.

చేరిన కొత్తలో, ఆవిరి వృథా పోవడం ఎందుకని, నీరు వేడెక్కకముందే వెంట్ వాల్వ్ మూసేశాను. ముల్లు చక్కగా 2 దగ్గర నిలిచింది గానీ థర్మామీటర్ 211 దాటలేదు; థర్మామీటరే పాడైందనుకున్నాను. నిజానికి లోపల చిక్కుకున్న గాలి కూడా వేడెక్కి దాదాపు 0.16 మెగాపాస్కల్ పీడనాన్ని తన వంతుగా చూపిస్తోంది, ఆవిరికీ గాలికీ తేడా గేజికి తెలియదు. అలాంటప్పుడు కడ్డీలకు అందాల్సిన వేడి అందదు కనుక, ఉబ్బు తక్కువగా కనిపించి, తప్పు ఎప్పుడూ సిమెంటుకు అనుకూలంగానే జరుగుతుంది. వెంట్ వాల్వ్ నుంచి ఆవిరి తెరలు తెరలుగా కాక ఒకే ధారగా, జోరుగా వచ్చేదాకా తెరిచి ఉంచి మళ్లీ చేస్తే, అదే థర్మామీటర్ 215 చూపించింది.

రెండోసారి మూత దగ్గర. వేడి ఆపి గంటన్నర అయింది, ముల్లు సున్నా మీద ఉంది. అలవాటు ప్రకారం పక్కకు నిలబడి, చేతితొడుగు వేసుకుని వాల్వ్‌ను కొద్దిగా తిప్పితే, ఒక్కసారిగా బుస్సుమని ఆవిరి ఎగదన్నింది. దీనిలో వింత లేదు. 4 మెగాపాస్కల్ దాకా గీతలున్న డయల్ మీద 0.05 అనేది ముల్లు మందమంత. అయినా అంత పీడనంలో లోపలి నీరు ఇంకా 111 డిగ్రీల దగ్గర ఉంటుంది, 150 మిల్లీమీటర్ల వ్యాసమున్న మూతను దాదాపు 90 కిలోల బరువంత బలంతో పైకి తోస్తుంది. బోల్టులు ముందే వదులు చేసి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. థర్మామీటర్ 100 కిందికి దిగి, వాల్వ్ పూర్తిగా తెరిచినా శబ్దం లేనప్పుడే నేనిప్పుడు స్పానర్ పట్టుకుంటాను.

మిగతాదంతా ప్రమాణంలో రాసిందే: ఈ పరీక్షకున్న అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ 151 ప్రకారం పీడనం 45 నుంచి 75 నిమిషాల్లో ఎక్కాలి, మూడు గంటలు నిలవాలి, తర్వాత గంటన్నరలో 0.07 మెగాపాస్కల్ కిందికి దిగాలి. బయటికి తీసిన కడ్డీలను వెంటనే 90 డిగ్రీలు దాటిన నీటిలో వేసి, చన్నీళ్లు కలుపుతూ 15 నిమిషాల్లో 23 డిగ్రీలకు దించాలి; ఈ పావుగంట తొందరపడితే వచ్చిన పగులు సిమెంటుదో మీదో తేలదు. పొడవులో మార్పును కొలిచే కంపారేటర్‌లో కడ్డీని మొదటిసారి ఏ కొస పైకి పెట్టి కొలిచారో ఆ కొసే మళ్లీ పైకి ఉండాలి. అనుమతించే వ్యాకోచం 0.8 శాతం అంటే కడ్డీలో కొలిచే 250 మిల్లీమీటర్ల పొడవు మీద 2 మిల్లీమీటర్లే.

పని ముగిశాక వెంట్ వాల్వ్‌ను తెరిచే ఉంచండి. మళ్లీ వేడి పెట్టేవారు ఎవరైనా సరే, గాలి పోయేదాకా దాన్ని మూయాల్సిన పని రాదు.