పాత చీరల సంచులకు గోల్డ్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. వయసు 41. బ్లౌజులు కుడతాను. రెండేళ్లుగా చుట్టాలు, అపార్ట్‌మెంట్ వాళ్లు ఇచ్చే పాత చీరలతో జిప్పు సంచులు, బొంతలు కుడుతున్నా. నెలకు 60 సంచులు (ఒక్కోటి రూ.120), రెండు బొంతలు (ఒక్కోటి రూ.900) అమ్ముడవుతాయి. సంచికి గంటన్నర, బొంతకు 20 గంటలు పడుతుంది. పట్టు అంచులతో పొట్లీలు (తాడు లాగి మూసే చిన్న సంచులు) ఎవరైనా అడిగితే రూ.150కి ఇస్తాను. నగలు పెట్టి లక్షన్నర తెచ్చి, రెండు మోటారు మిషన్లు, రూ.7,000 అద్దెతో చిన్న షాపు తీసుకుందామని ఉంది. మావారు వద్దంటున్నారు. సరుకు ఊరికే వస్తున్నప్పుడు నష్టమెలా వస్తుంది?

జవాబు: మీ చివరి మాట దగ్గరే ఆగిపోయానమ్మా. చీర ఊరికే వస్తోంది, సరే. లైనింగు, జిప్పు, పట్టీ, దారం కొనాలి కదా. జనరల్ బజార్‌కు వెళ్లొచ్చే ఆటోతో కలిపి సంచికి రూ.45 వేసుకుందాం. మిగిలేది 75. ఉతికి, మరకలున్న చోటు తీసేసి, ఇస్త్రీ చేసి, కుట్టేసరికి గంటన్నర. అంటే గంటకు 50. బొంతలో దారం, అడుగు గుడ్డ పోను 800 మిగిలినా గంటకు 40 పడుతుంది. ఈ రెండింటి మీద నెలకు మీ చేతికొచ్చేది 6,100. షాపు అద్దే 7,000. వడ్డీ నూటికి రూపాయే అనుకున్నా ఇంకో 1,500. ఈసారికి మీవారిదే రైటు.

అసలు సంగతి మీరు తేలిగ్గా దాటేశారు. పొట్లీకి తాడు, పూసలు, లైనింగు కలిపి 25 దాటదు, అరగంట పని. గంటకు 250! అది అడిగితేనే ఇస్తున్నారు, 40 తెచ్చేదానికి నడుం విరగ్గొట్టుకుంటున్నారు. సీమంతాలకు, గృహప్రవేశాలకు రిటర్న్ గిఫ్టుగా 50, 100 చొప్పున ఆర్డర్లు పట్టండి. సగం అడ్వాన్సు తీసుకున్నాకే కత్తెర పట్టుకోండి. బొంతలు అమ్మకానికి కుట్టడం ఆపేయండి. అమ్మమ్మ చీరలు ఎవరైనా తెచ్చిస్తే కుట్టుకూలి 2,500 చెప్పండి. బేరమాడతారు, ఆడనివ్వండి. రెండు వేలకు మాత్రం దిగకండి.

పాత కంచిపట్టు చేతికొస్తే వెంటనే కోసేయకండి. అంచులోంచి ఒక జరీపోగు లాగి గోటితో గీకి చూడండి. లోపల ఎర్రటి పట్టుదారం కనబడితే వెండిజరీ కావచ్చు, రాగిరంగు తీగ కనబడితే కాదు. అనుమానముంటే జరీ కొనే రెండు మూడు షాపుల్లో చూపించి ధర అడగండి. ‘పాత పట్టుచీరలు కొంటాం’ అని మైకు పెట్టుకుని వీధులు తిరిగే బండివాడు ఊరికే తిరగడు. మీరు 150కి ఇచ్చే పొట్లీలో అంతకన్నా ఎక్కువ వెండి పోతుండొచ్చు. చీర ఇచ్చినావిడకు కూడా ఆ సంగతి చెప్పండి, రేపు మాట రాకుండా.

నగలు బీరువాలోనే ఉండనివ్వండి. ఇప్పుడున్న మిషనుకే మోటారు బిగించుకోండి. ఆరు నెలలు వరసగా ఆర్డర్లు చేతికి మించితే అప్పుడు చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ముద్రా పథకంలో ‘శిశు’ లోన్ చూడండి. 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. దానికి ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వమిచ్చే గుర్తింపు) చేసుకుంటే మంచిది. ఆన్‌లైన్‌లో ఉచితమే, ఏజెంటు ఫీజు అడిగితే ఇవ్వకండి. జీఎస్టీ భయం అక్కర్లేదు, మన తెలంగాణలోపల అమ్ముకునే సరుకుకు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితేనే ఆ గొడవ. వేరే బ్యాంకు ఖాతా, వేరే క్యూఆర్ కోడ్ మాత్రం ఈ వారమే పెట్టుకోండి. కూరగాయల డబ్బు, సంచుల డబ్బు కలిసిపోతే ఏది మిగిలిందో మీకే తెలియదు.

ఇక మంచం కింది మూటలు. మీరు రాయలేదు గానీ ఉండే ఉంటాయి. ‘ఎప్పటికైనా పనికొస్తాయి’ అని దాచిన హార్లిక్స్ సీసాలు మా అటక నిండా ఉన్నాయి కాబట్టి నేను నవ్వను. నైలెక్స్ (సింథటిక్) చీరలు ఇక తీసుకోకండి. ఉన్నవి స్టీలు సామాన్లవాడికి వేసి ఒక డబ్బా తెచ్చుకోండి, పూసలు పోసుకోవడానికి ఉంటుంది.