తేనెమైనం వేసినా లోషన్ ఎందుకు విరిగిపోతోంది?

రాజాం నుంచి ఒకరు అడిగారు: కొబ్బరినూనె, పెరట్లో కలబంద గుజ్జు, తేనెమైనం కలిపి మిక్సీలో తిప్పి బాడీ లోషన్ చేస్తున్నాను. చేసినరోజు వెన్నలా ఉంటోంది. నాలుగోరోజుకి అడుగున నీళ్ళు, పైన నూనె. ఇంకా ఎక్కువసేపు తిప్పాలా, మైనం పెంచాలా?

రెండూ వద్దండీ. ఆ రెండూ చేసే నేను ఏడాది పోగొట్టుకున్నాను.

మాది శ్రీకాకుళం, పుట్టిల్లు ఉద్దానం వైపు, కొబ్బరినూనెకి కొదవలేని ఇల్లు. అలా వంటగదిలోనే మొదలుపెట్టాను. నా మొదటి డబ్బా మూత తీసి మా అత్త, "ఏటే, మజ్జిగ తేరుకున్నట్టు తేరుకుపోనాదేటి?" అంది. డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన నాకంటే ఆవిడే సంగతి బాగా పట్టుకుంది.

మిక్సీ చేసేదల్లా నూనెని చిన్నచిన్న బొట్లుగా చితక్కొట్టడం. తిప్పడం ఆపగానే ఆ బొట్లు మళ్ళీ ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. వాటి చుట్టూ కాపలా ఉండాలి. ఒక కొస నూనెలో, రెండో కొస నీళ్ళలో దిగి నిలబడే పదార్థం కావాలి. అదే ఎమల్సిఫయర్. తేనెమైనానికి నీళ్ళంటే దాదాపు ఇష్టం లేదు. అది నూనెని గట్టిపరుస్తుందంతే. చల్లారగానే చిక్కబడుతుంది కాబట్టి కలిసిపోయిందనుకుంటాం. పాతకాలం కోల్డ్ క్రీముల్లో తేనెమైనం పనిచేసిందంటే పక్కన వెలిగారం (బోరాక్స్) ఉండబట్టే. మైనంలోని ఆమ్లాలతో అది చేరి అక్కడికక్కడే కొంచెం సబ్బు తయారవుతుంది, ఆ సబ్బే నూనెనీ నీటినీ పట్టి ఉంచుతుంది. అలాగని కంసాలి దగ్గర వెలిగారం తెచ్చి వేసేయకండి, ఇప్పుడు అంతకంటే మంచివి ఉన్నాయి.

ఏ ఎమల్సిఫయర్ ఎటు మొగ్గుతుందో చెప్పడానికి ఒక కొలత ఉంది, హెచ్‌ఎల్‌బీ అంటారు. గ్రిఫిన్ అనే అమెరికన్ రసాయనవేత్త 1949లో ప్రతిపాదించాడు. అంకె చిన్నదైతే నూనె వైపు, పెద్దదైతే నీటి వైపు. గ్లిసరిల్ మోనోస్టియరేట్ అనే ఎమల్సిఫయర్‌కి సుమారు 3.8, పాలీసార్బేట్ 60 అనేదానికి సుమారు 15. మన లోషన్‌లో నీళ్ళే ఎక్కువ, నూనె అందులో బొట్లుగా తేలాలి. దానికి అంకె 8కి పైన ఉండాలి. లెక్కలు కట్టే ఓపిక లేకపోతే ఎమల్సిఫయింగ్ వాక్స్ కొనుక్కోండి. అది మైనంలా ఉండే సెటియరిల్ ఆల్కహాల్, పాలీసార్బేట్ లాంటివి కలిపిన తయారీ సరుకు.

కొనేటప్పుడే నాకు దెబ్బ తగిలింది. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర కిలో తెప్పించాను. మూడు బ్యాచ్‌లు విరిగిపోయాయి. నా పనితనమే బాలేదనుకున్నాను. చివరికి విసిగిపోయి ఒక ముక్క గ్లాసుడు సలసల కాగే నీళ్ళలో వేసి చెంచాతో తిప్పాను. కరిగి, పైన నూనెబొట్టులా తేలింది, చల్లారాక బిళ్ళ కట్టింది. కింద నీళ్ళు తేటగా అలాగే ఉన్నాయి. అంటే అది వట్టి పారఫిన్, కొవ్వొత్తి మైనం! సరైన వాక్స్ అయితే ఆ నీళ్ళు పాలలా తెల్లబడతాయి. అప్పట్నుంచి కొత్త ప్యాకెట్ ఏదొచ్చినా ముందు గ్లాసు పరీక్షే.

నేను ఇప్పుడు చేసే 100 గ్రాముల లెక్క ఇదీ. డిస్టిల్డ్ వాటర్ 71.7 గ్రాములు, గ్లిసరిన్ 4, చిక్కదనానికి జాంతన్ గమ్ అనే జిగురుపొడి 0.3. ఇది నీటి గిన్నె. గానుగ నువ్వులనూనె 8, కొబ్బరినూనె 7, ఎమల్సిఫయింగ్ వాక్స్ 6, క్రీము చిక్కబడడానికి మైనంలాంటి సెటిల్ ఆల్కహాల్ 2. ఇది నూనె గిన్నె. చివర్లో ప్రిజర్వేటివ్ 1 గ్రాము. చెంచాలతో కొలవకండి, 0.1 గ్రాము చూపించే చిన్న కాటా కొనండి. జాంతన్‌ని నేరుగా నీళ్ళలో పోస్తే ఉండలు కడుతుంది, ముందు గ్లిసరిన్‌లో కలిపి ఆ తర్వాత నీళ్ళు పోయండి. బోరు నీళ్ళు అసలే వద్దు, వాటిలోని కాల్షియం వల్ల కొన్ని ఎమల్సిఫయర్లు విరిగిపోతాయి.

రెండు గిన్నెలూ 70 నుంచి 75 డిగ్రీలకి రావాలి. నూనె వేడిగా ఉండి నీళ్ళు చల్లగా ఉంటే పోసిన చోటే మైనం గడ్డకట్టి ఇసకలా తగులుతుంది. కాచినప్పుడు ఆవిరైన నీళ్ళని మళ్ళీ తూచి వేడినీళ్ళతోనే భర్తీ చేయండి. రెండూ కలిపాక హ్యాండ్ బ్లెండర్‌తో రెండు మూడు నిమిషాలు తిప్పితే చాలు. తర్వాత చల్లారేదాకా గరిటెతో మెల్లగా తిప్పుతూ ఉండాలి. చాలామంది ఇక్కడే వదిలేసి వెళ్ళిపోతారు.

కొబ్బరినూనె ఒక్కటే ఎందుకు వాడట్లేదంటారా? అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. జనవరి తెల్లవారుజామున బొట్ల లోపల పలుకులు కట్టి వాటి చుట్టూ ఉన్న పొరని పొడుస్తాయి, మళ్ళీ ఎండ తగలగానే బొట్లు ఒకటవుతాయి. నువ్వులనూనె కలిపితే ఆ బెడద చాలా తగ్గింది.

ఇక తేమ సంగతి. గ్లిసరిన్ నీటిని పట్టి ఉంచుతుంది, నూనె చర్మంలోంచి అది ఎగిరిపోకుండా ఆపుతుంది. రెండూ ఉండాలి. కానీ మన సముద్రపు గాలికి గ్లిసరిన్ 10 శాతం వేస్తే చేతులు జిగురు జిగురుగా ఉండి దుమ్మంతా అంటుకుంటుంది. ఎక్కువ వేస్తే ఎక్కువ మెత్తదనం వస్తుందనే మాట నేను నమ్మను.

పెరటి కలబంద మానేయండి. అందులో పంచదారలూ సూక్ష్మజీవులూ ఉంటాయి, నా డబ్బాలో ఆరో రోజుకి నల్లటి బూజు చుక్కలు వచ్చాయి. విటమిన్ ఇ వేస్తే పాడవదని కొందరు చెబుతారు. అది నూనె ముక్కిపోకుండా కొంత కాపాడుతుంది, బూజుని ఆపదు. నీళ్ళున్న క్రీముకి ప్రిజర్వేటివ్ తప్పదు. ఫీనాక్సీఇథనాల్ ఉన్నది వాడితే, అది మొత్తంలో 1 శాతం దాటకూడదు. క్రీము 40 డిగ్రీలకి చల్లారాక కలపండి.

నాలుగు రోజులు నిలిచిందని మురిసిపోకండి. ఒకసారి మే నెలలో పలాస బస్సులో, కిటికీ పక్కన సంచిలో పెట్టి మా వదినకి రెండు డబ్బాలు తీసుకెళ్ళాను. దిగేసరికి సంచి అడుగంతా నూనె మరక. ఇప్పుడు ఒక రాత్రి ఫ్రీజర్‌లో, మర్నాడు డాబా మీద మూతపెట్టిన స్టీలు డబ్బాలో, అలా అయిదుసార్లు తిప్పి చూస్తాను. అడుగున ఒక్క నీటిచుక్క కనబడినా ఆ ఫార్ములా పక్కకే.

ఇంట్లోవాళ్ళకైతే పర్లేదు. అమ్మాలనుకుంటే 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం తయారీ లైసెన్స్ కావాలి, అది రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ ఇస్తుంది. వంటగదిలో చేసినదానికి లేబుల్ అంటించి దుకాణంలో పెట్టడం కుదరదు.

ముందు మీ మైనం ముక్కని కాగే నీళ్ళలో వేసి చూడండి. పాలలా అయ్యిందో, తేలిందో ఇక్కడే రాయండి.